అరికాళ్ళ మంట
(వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ముందే ఒక మాట మనవి చేసుకుంటాను. నేను డాక్టరును కాను. ముప్పై ఏళ్ళకు పైగా హైస్కూల్లో సైన్సు చెప్పిన పంతుల్ని. సొసైటీ వారు వచ్చి "మాస్టారూ, ఈసారి ఆరోగ్యం మీద ఏదైనా చెప్పండి" అంటే, ఊళ్ళో ఇంతమంది డాక్టర్లుండగా నేనెందుకని అడిగాను. "వాళ్ళు చెబితే మందుల పేర్లు చెబుతారు, మీరైతే కథ చెబుతారు" అన్నారు. సరే, కథే చెబుతాను. ఇది ఒక పరిశోధకుని కథ. మా అమ్మ కథ, మా అన్నయ్య కథ కూడా ఇందులోనే వస్తాయి.

మా ఇల్లు స్వర్ణముఖి ఏటికి ఎక్కువ దూరం కాదు. నాకప్పుడు పదకొండో పన్నెండో ఏళ్ళు. అంటే 1960ల మధ్య కాలం. రాత్రి పూట మెలకువ వచ్చి చూస్తే అమ్మీ పడుకుని ఉండేది కాదు. వెనక వసారాలో గచ్చు మీద కూర్చుని, పాదాలు రెండూ నీళ్ళ బేసిన్‌లో పెట్టుకుని ఉండేది. "ఏంది అమ్మీ?" అంటే "ఏం లేదురా, కాళ్ళు మండుతున్నై, నువ్వు పోయి పడుకో" అనేది. పగలు అంతగా ఉండేది కాదు. దీపం ఆర్పి నడుం వాల్చగానే అరికాళ్ళలో నిప్పులు పోసినట్లు ఉండేదట. దుప్పటి అంచు తగిలినా ఓర్చుకోలేకపోయేది. తెల్లవారుజామున ఏదో కునుకు పట్టేది. అంతలోనే ఫజర్ వేళ అయ్యేది, లేచి పొయ్యి రాజేసేది.

వేడి చేసిందన్నారు అందరూ. ఖాలా వచ్చి మెహందీ ఆకు నూరి పాదాలకు పట్టించింది. ఒక గంట చల్లగా ఉండేది, మళ్ళీ మామూలే. దిష్టి తీయించారు, తాయెత్తు కట్టించారు. ఇలా ఏడాది గడిచింది. చివరికి ఒక పెద్ద డాక్టరు దగ్గర కొంతకాలం కాంపౌండరుగా చేసి వచ్చిన మా నాన్న స్నేహితుడొకాయన చూసి, "ఇది వేడీ కాదు, దిష్టీ కాదు, తిండి" అన్నాడు. పసుపు రంగు బి కాంప్లెక్స్ మాత్రలు ఇచ్చి, గంజి పారబోయవద్దని, రోజూ ఒక గుడ్డో, గుప్పెడు వేరుశనక్కాయలో తినమని చెప్పాడు. రెండు మూడు నెలల్లో అమ్మీ రాత్రుళ్ళు పడుకోవడం మొదలుపెట్టింది. ఆ సంతోషం నాకింకా గుర్తుంది. ఇంట్లో అమ్మ నిద్రపోతే ఇల్లంతా నిద్రపోతుంది కదా.

ఆ కాంపౌండరు చాచాకు ఈ సంగతి ఎలా తెలిసిందో అప్పుడు నేను అడగలేదు. చాలా ఏళ్ళకు, 2019 అక్టోబరులో పేపర్లో ఒక మరణవార్త చదివాను. డాక్టర్ సి. గోపాలన్ గారు నూరేళ్ళ వయసులో అక్టోబరు 3న కన్నుమూశారని. అప్పటినుంచి ఆయన గురించి దొరికిందల్లా చదువుతూ వచ్చాను. అందులో ఒకచోట, 1946లో ఆయన మద్రాసులో అరికాళ్ళ మంటల మీద ఒక వ్యాసం రాశారని ఉంది. అది చదివి పుస్తకం మూసేసి కాసేపు అట్లాగే కూర్చున్నాను.

గోపాలన్ గారు 1918 నవంబరు 29న సేలంలో పుట్టారు. మద్రాసులో డాక్టరు చదువు చదివి, తర్వాత లండనులో పిహెచ్.డి. చేశారు. వయసులో చిన్నవాడుగా ఉండగానే, పెద్ద డాక్టర్లు పెద్దగా పట్టించుకోని ఈ కాళ్ళ మంటను పట్టుకున్నారు. అసలు దీన్ని 1826లోనే గ్రియర్సన్ అనే ఇంగ్లీషు డాక్టరు బర్మాలో సిపాయిల్లో చూసి రాశాడు. రెండో ప్రపంచ యుద్ధంలో జపాను వారి చెరలో చిక్కిన సైనికులకు కూడా వచ్చింది. రాత్రంతా పాదాలు పట్టుకుని కూర్చునేవారట. బెరిబెరికి వాడే విటమిను ఇస్తే తగ్గకపోవడం, ఇతర బి విటమిన్లతోనూ గుణం కనిపించకపోవడం గోపాలన్ గారు గమనించారు. పాంటోథెనిక్ ఆమ్లం అనే మరో బి విటమిను ఇస్తే ఉపశమనం కలిగిందని రాశారు. వైద్య గ్రంథాలలో ఈ జబ్బుకు గ్రియర్సన్-గోపాలన్ అని పేరుంది. ఇద్దరి మధ్యా నూటపాతికేళ్ళకు కాస్త తక్కువ. ఆ పేరులో రెండో సగం మన పక్క రాష్ట్రపు మనిషిదని నేను అరవై దాటాక తెలుసుకున్నాను. ముప్పై ఏళ్ళు సైన్సు చెప్పాను, ఒక్క పాఠ్యపుస్తకంలోనూ ఆ సంగతి లేదు.

ఇక ఆయన పనిచేసిన సంస్థ సంగతి. అది మన హైదరాబాదులోనే ఉంది, తార్నాకలో, ఉస్మానియా విశ్వవిద్యాలయం పక్కన. పేరు జాతీయ పోషకాహార సంస్థ. మొదలైంది మాత్రం నీలగిరి కొండల మీద కూనూరులో. 1918లో రాబర్ట్ మెక్‌కారిసన్ అనే డాక్టరు పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్‌లో ఒక్క గదిలో బెరిబెరి మీద పరిశోధనకని పెట్టాడు. బెరిబెరి అంటే మన కోస్తా జబ్బే. మర బియ్యం వచ్చాక తవుడుతో పాటు విటమిను కూడా పోయి, కాళ్ళు వాచి, నరాలు చచ్చుబడి, గుండె ఆగి మనుషులు పోయేవారు. వడ్లు ఉడకబెట్టి దంచిన ఉప్పుడు బియ్యం తినే చోట ఆ జబ్బు తక్కువ. ఎందుకంటే ఉడికేటప్పుడు తవుడులోని సత్తువ గింజ లోపలికి దిగుతుంది. మనం నెల్లూరు మొలగొలుకులని గొప్పగా చెప్పుకుంటాం, చెప్పుకోవాల్సిందే. 2022లో మన నాయుడుపేటను తిరుపతి జిల్లాలో కలిపినా నేను ఇంకా నెల్లూరోణ్ణే అంటాను. కానీ ఆ బియ్యాన్ని తెల్లగా మల్లెపూవులా పాలిషు పట్టించి, నాలుగుసార్లు కడిగి, గంజి వార్చి తింటే మొలగొలుకులైనా ఒకటే, ఇంకోటైనా ఒకటే. బి విటమిన్లు నీళ్ళలో కరిగే రకం. కడిగిన నీళ్ళతో కొంత, గంజితో కొంత పోతాయి. మా అమ్మీ రోజూ గేదెకు పోసిన కుడితిలోనే ఆమె నిద్ర ఉంది.

ఆ కూనూరు లాబొరేటరీకే 1929లో ఒక ఆంగ్ల వనిత వచ్చింది. లూసీ విల్స్ అని పేరు. బొంబాయిలో గర్భిణీ స్త్రీలు రక్తం లేక పాలిపోయి చనిపోతుంటే, కారణం వెతకడానికి వచ్చిన డాక్టరు. ఆమె ఏ కులం వాళ్ళు, ఏ మతం వాళ్ళు, ఏం తింటున్నారు అని ఇల్లిల్లూ ఆరా తీసింది. అందరికంటే ఎక్కువగా ఈ రక్తహీనత ఎవరిలో కనిపించిందంటే, బీద ముస్లిం స్త్రీలలో. తిండి కూడా అందరికంటే వాళ్ళదే నాసిగా ఉంది. 1931లో ఆమె ఈస్టు నుంచి తీసిన మార్మైట్ అనే లేహ్యం వంటి పదార్థంతో వాళ్ళకు నయం చేయవచ్చని ప్రకటించింది. అందులో ఉన్న ఆ సత్తువే తర్వాత ఫోలిక్ యాసిడ్ అని తేలింది. దాన్ని 1945లో అమెరికాలో కృత్రిమంగా తయారుచేసిన బృందానికి పెద్ద ఎవరనుకున్నారు? మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు. ఈ రోజు మన ఆడపిల్లలు గర్భంతో ఉన్నప్పుడు ఆస్పత్రిలో ఇచ్చే ఐరను మాత్రలో అది కూడా కలిసి ఉంటుంది. "ఆ మాత్రలు వేసుకుంటే వికారం, బిడ్డ నల్లగా పుడుతుంది" అని డబ్బాలో దాచిపెట్టే కోడళ్ళను, దాపించే అత్తగార్లను నేను చూశాను. కోప్పడవద్దు, నిజమే చెబుతున్నాను. బొంబాయిలో మనవాళ్ళ రక్తం చూసి కనిపెట్టిన మందు అది. తొంభై ఏళ్ళు దాటినా, 2019-21 నాటి కుటుంబ ఆరోగ్య సర్వేలో మన ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో నూటికి 58.8 మందికి రక్తం తక్కువని తేలింది.

కూనూరు నుంచి ఆ సంస్థ 1958లో హైదరాబాదుకు మారింది. 1969లో ఇప్పటి పేరు పెట్టారు. గోపాలన్ గారు దానికి డైరెక్టరై, 1974లో ఢిల్లీలో భారత వైద్య పరిశోధనా మండలికి డైరెక్టర్ జనరల్‌గా వెళ్ళేదాకా అక్కడే ఉన్నారు. ఆయన పనిలో అసలు పదును ఆ హైదరాబాదు రోజుల్లోనే కనిపిస్తుంది.

దక్కనులో జొన్నరొట్టె తినే బీదవాళ్ళకు ఒక జబ్బు వచ్చేది, పెల్లగ్రా అంటారు. ఎండ తగిలే చోట, ముంజేతులు, పాదాలు, మెడ చుట్టూ హారం వేసినట్లు చర్మం నల్లబడి పొలుసులు లేస్తుంది. విరేచనాలు పట్టుకుంటాయి. తర్వాత మనసు చెడుతుంది. దిగులు, చిరాకు, రాత్రి నిద్ర ఉండదు, చివరకు మతి తప్పుతుంది. అలాంటి మనిషిని గాలి సోకిందని దర్గా స్తంభానికి కట్టిన కాలం కూడా ఉంది. అమెరికాలో ఈ జబ్బు మొక్కజొన్న తినేవాళ్ళకు వచ్చేది. అందులో నియాసిన్ అనే విటమిను శరీరానికి సరిగ్గా అందదు, దాన్ని తయారు చేసుకోవడానికి కావలసిన ముడిసరుకూ తక్కువ. బాగానే ఉంది. మరి జొన్నలో ఆ లోపం అంతగా లేదే! అయినా జబ్బు ఎందుకొస్తున్నది? అమెరికా పుస్తకంలో ఉంది కదా అని అదే వల్లె వేసి ఊరుకోవచ్చు. గోపాలన్ గారు, ఆయన సహచరులు శ్రీకాంతయ్యగారు ఊరుకోలేదు. జొన్నలో లూసిన్ అనే పదార్థం మోతాదు మించి ఉందని, అది శరీరంలో నియాసిన్ తయారీని చెడగొడుతున్నదని 1960లో చెప్పారు. ఈ వాదాన్ని తర్వాత కొందరు పరిశోధకులు ఒప్పుకోలేదు, వాదోపవాదాలు చాలా నడిచాయి. నడవనివ్వండి. నాకు నచ్చింది ఆ ప్రశ్న. లోపం ఒక్కటే జబ్బు కాదు, ఎక్కువైనా జబ్బేనన్న ఆలోచన అందులో ఉంది.

రెండోది పసిపిల్లల సంగతి. ఆ రోజుల్లో ప్రపంచమంతా ఒకటే గోల, బీద దేశాల పిల్లలకు మాంసకృత్తులు చాలడం లేదని. ఐక్యరాజ్య సమితి వారు 1968లో దాని మీద పెద్ద నివేదికే వేశారు. పొడులు, డబ్బాలు, చేపల పిండి, ఎన్నో వచ్చాయి. హైదరాబాదు వాళ్ళు ఊళ్ళలో పిల్లలు రోజూ ఏం తింటున్నారో కూర్చుని తూచి చూశారు. ఒళ్ళు వాచిన పిల్లాడూ, ఎముకల గూడైన పిల్లాడూ ఇద్దరూ తినేది ఒకటే తిండి, చాలీచాలని తిండి. అంటే పప్పు తక్కువ కావడం కంటే ముందు, అసలు ముద్ద తక్కువ. అందుకని బడి ఈడు రాని పిల్లలకు గోధుమపిండి, పంచదార, నూనెతో చేసిన ఒక మిఠాయి రోజూ పెట్టారు. దాంట్లో 310 కేలరీలు, మాంసకృత్తులు 3 గ్రాములే. ఏడాదికి పైగా పెట్టి చూస్తే, పిల్లలు ఎత్తూ బరువూ పెరిగారు. 1973లో దాన్ని ప్రచురించారు. ఖరీదైన డబ్బా అక్కర్లేదు, ఇంట్లో వండేదే మరో రెండు సార్లు పెట్టమని దాని అర్థం. ఈ మాట చెప్పడానికి ధైర్యం కావాలి, ఎందుకంటే డబ్బాలమ్మేవాళ్ళకు ఇది నచ్చదు.

విటమిను 'ఎ' లేక రేచీకటి వచ్చి, కళ్ళు పోయే పిల్లలకు ఆరు నెలలకొకసారి నోట్లో 2 లక్షల యూనిట్ల చుక్కలు వేసే పథకం కూడా ఆ సంస్థ పరిశోధన మీదనే 1970లో దేశమంతటా మొదలైంది. నర్సమ్మ వచ్చి చెంచాతో పోసేది, గుర్తుందా? హైదరాబాదులో నిజాం కోడలు నీలోఫర్ పేరు మీద ఉన్న పిల్లల ఆస్పత్రిలో ఈ సంస్థకు ఒక వార్డు ఉండేది. చదువు లాబొరేటరీలోనే కాదు, ఆ మంచాల దగ్గర కూడా జరిగింది.

ఇక్కడ మన జిల్లా మాట ఒకటి చెప్పకపోతే తప్పు. ఫ్లోరైడు నీళ్ళ వల్ల వచ్చే ఎముకల జబ్బును మన దేశంలో మొట్టమొదట గుర్తించి రాసింది నెల్లూరు జిల్లాలో, 1937లో. కనిగిరి, పొదిలి, దర్శి అప్పుడు మన జిల్లావే, 1970లో ఒంగోలు జిల్లాకు పోయాయి. పళ్ళు గారపట్టి, నడుం వంగి, మెడ తిరగని మనుషులు. తర్వాత 1955లో నల్లగొండలో అదే జబ్బు గురించి డాక్టర్ ఎ.హెచ్. సిద్దిఖీ గారు లండను పత్రికలో రాశారు. 1973లో పోషకాహార సంస్థ వారు కృష్ణమాచారి, కమలా కృష్ణస్వామి గార్లు, అలాంటి ఊళ్ళలో మోకాళ్ళు ఒకదానికొకటి తగిలేటట్లు వంగిపోయే పిల్లల గురించి రాశారు. బావి నీళ్ళు తియ్యగా ఉన్నాయా ఉప్పగా ఉన్నాయా అనే చూస్తాం మనం. ఎముకను వంచేది నాలుకకు తెలియదు.

ఇప్పుడు మా అన్నయ్య సంగతికి వస్తాను. భాయిజాన్ ఇక్కడే ముందు వరుసలో కూర్చుని ఉన్నాడు, చెప్పమని ఆయనే అన్నాడు. ఆయనది బజారులో కొట్టు. ఉదయం పదింటికి తెరిస్తే రాత్రి పదకొండు దాకా. ఇంటికొచ్చి భోంచేసి పడుకునేసరికి ఒంటిగంట. మళ్ళీ ఐదింటికి లేవడం. రోజుకు పది పన్నెండు టీలు, ప్రతిదాంట్లో రెండు చెంచాల పంచదార. 2011 ప్రాంతంలో ఆయనకు రాత్రిపూట అరికాళ్ళు మండడం మొదలైంది. ఆయనకు వెంటనే ఎవరు గుర్తొస్తారు? అమ్మీ. "మన వంశంలోనే ఉందిరా ఇది, అమ్మీకి మాత్రలతో పోయింది కదా" అని బి కాంప్లెక్స్ తెచ్చుకుని వేసుకున్నాడు. మెహందీ పెట్టించుకున్నాడు. నేనూ పక్కనే ఉన్నాను, సైన్సు మాస్టారిని, నేనూ అదే అనుకున్నాను! ఇది నా తప్పు, సభాముఖంగా ఒప్పుకుంటున్నాను. ఏడాదిన్నర తర్వాత మంట తగ్గింది. అందరం సంతోషించాం. మంట తగ్గింది నయమై కాదు, పాదం మొద్దుబారి. చెప్పు లోపల మేకు గుచ్చుకుని రెండు రోజులు తిరిగినా తెలియలేదు. పుండు పడి, నల్లబడి, కుడికాలి బొటనవేలు, దాని పక్క వేలు తీసేయాల్సి వచ్చింది. అప్పుడు చూస్తే షుగరు నాలుగు వందలు దాటి ఉంది.

అదే మంట, అదే అరికాలు, అదే రాత్రి. ఒకరికి తిండి చాలక, ఒకరికి తిండి మించి. ఒకే ఇంట్లో, ఒక్క తరం తేడాలో. గోపాలన్ గారు కూడా తర్వాతి కాలంలో ఇదే చూశారు. 1980లో ఢిల్లీలో భారత పోషకాహార ఫౌండేషన్ పెట్టాక, ఒకప్పుడు ఎముకల గూళ్ళ మీద రాసిన ఆ చేత్తోనే మధ్యతరగతి వాళ్ళ స్థూలకాయం గురించి రాశారు. ఆయన శిష్యుల తరంవాళ్ళు, ఇతరులు ఇప్పుడు చెప్పేదేమిటంటే, తల్లి కడుపులో తిండి చాలక చిన్నగా పుట్టిన బిడ్డ, పెద్దయ్యాక కడుపునిండా తినే రోజులొస్తే షుగరుకు సులభంగా లొంగుతుందని. పుణే దగ్గర పల్లెల్లో 1993 నుంచి తల్లులను, బిడ్డలను వెంబడించి చూస్తున్నారు. మా అమ్మీ అందరూ తిన్నాక గిన్నెలో అడుగున మిగిలింది తినేది. ఆమె కడుపున పుట్టినవాడే భాయిజాన్. కచ్చితంగా ఇదే కారణమని నేను అనలేను, కానీ అన్నం పెట్టే వరసలో ఇంటి ఆడది ఎప్పుడూ ఆఖరన ఎందుకుండాలో నాకెవరూ చెప్పలేకపోయారు.

2023లో వచ్చిన వైద్య పరిశోధనా మండలి సర్వే ప్రకారం దేశంలో షుగరు ఉన్నవాళ్ళు 10 కోట్లకు పైన. ఇంకో 13 కోట్ల మందికి పైగా గుమ్మంలో నిలబడి ఉన్నారు.

నిద్ర మాట కూడా చెప్పాలి. మనం తిండి గురించి మాట్లాడినంతగా నిద్ర గురించి మాట్లాడం. రాత్రి మేలుకునేవాడు కష్టజీవి అని మెచ్చుకుంటాం. 1999లో షికాగో విశ్వవిద్యాలయంలో 11 మంది ఆరోగ్యంగా ఉన్న కుర్రాళ్ళను ఆరు రాత్రులపాటు నాలుగేసి గంటలే పడుకోనిచ్చి చూశారు. తిన్న చక్కెరను రక్తంలోంచి తీసివేసే శక్తి వాళ్ళలో బాగా తగ్గిపోయింది, ముసలితనం ముందే వచ్చినట్లు. మళ్ళీ కడుపునిండా నిద్రపోనిస్తే సర్దుకుంది. ఆరు రాత్రులకే ఇట్లా అయితే, మా భాయిజాన్ నలభై ఏళ్ళు నాలుగు గంటలే నిద్రపోయాడు. ఇప్పుడు కొట్టు తొమ్మిదింటికి కట్టేస్తున్నాడు. గిరాకీ పోతుందని కొడుకు గొణిగాడు. పోయింది ఏమీ లేదు, వచ్చేవాళ్ళు ఎనిమిదిన్నరకే వస్తున్నారు.

రంజాను నెలలో మన ఇళ్ళల్లో నిద్ర, తిండి రెండూ తారుమారవుతాయి. షుగరు మాత్రలు, ఇన్సులిన్ వాడేవాళ్ళు రంజానుకు నెల ముందుగానే డాక్టరును కలిసి మాత్రలు ఎప్పుడు, ఎంత అని మార్పించుకోవాలి. నెలవంక కనపడ్డాక పరుగెత్తితే లాభం లేదు. రోగికి ఉన్న సడలింపు సంగతి ఆలిం సాహెబులు చెబుతారు, అందులో నేను వేలు పెట్టను. ఒక్కటి మాత్రం నా అనుభవం. ఇఫ్తార్‌కు రెండు ఖర్జూరాలతో ఆగేవాడు, షర్బత్, సమోసా, బిర్యానీ ఒకదాని మీద ఒకటి వేసేవాడు, ఇద్దరూ ఒకే రకంగా తరావీకి నిలబడలేరు.

పిల్లలొకరు చీటీ పంపారు, "మాస్టారూ, బిర్యానీ మానేయాలా?" అని. మానేయమంటే మీరు నన్ను ఇంకోసారి పిలవరు. వారానికి ఒకపూట తినండి, పక్కన ఉల్లిపాయ పెరుగు కాస్త ఎక్కువ పెట్టుకోండి, మిగతా ఆరు రోజులూ పప్పు, ఆకుకూర, మన పులికాట్ చేపలు.

సొసైటీ కుర్రాళ్ళు గేటు దగ్గర బల్ల వేసి షుగరు, బి.పి. చూస్తున్నారు. వేలికి చిన్న సూది గుచ్చుతారు, అంతే. అరికాళ్ళు మండుతున్నవాళ్ళు, మండడం తగ్గిపోయినవాళ్ళు కూడా, ముందు వెళ్ళండి. భాయిజాన్ కూడా అక్కడే కూర్చుంటానన్నాడు. ఆయన కుడిపాదం చూడాలనుకున్నవాళ్ళకు జోడు విప్పి చూపిస్తాడు.